రెండో పేజీలో నాలుగో వరస

ఆవిడను అందరూ పళ్ళక్క అనేవారు. ఆ పేరు విని, పళ్ళ దుకాణం పెట్టుకుందేమోననుకుని, పుచ్చకాయలు తీపిగా ఉన్నాయా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. నిజానికి ఆవిడ చేసేది కట్టుడు పళ్ళు. డాక్టర్లు పంపే దవడ అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ నిలబెట్టడంలో ఇరవై రెండేళ్ళ అనుభవం. ల్యాబులో ఎవరికి పన్ను సరిగ్గా కుదరకపోయినా, "అక్కా, ఒక్కసారి నీ చెయ్యి పడాలి" అంటూ ఆవిడ బల్ల దగ్గరకే వచ్చేవారు. ఆ మాట వినీ వినీ, తన వేళ్ళకు లొంగని పని ఉండదని ఆవిడకు లోలోపల గట్టి నమ్మకం కుదిరిపోయింది.

నలభై నాలుగో ఏట ఆ వేళ్ళతోనే గిటార్ పట్టుకుంది. ప్రతి బుధవారం సాయంత్రం పని దిగాక, మూడు వీధుల అవతల మేడమీద గదిలో ఒక ముసలి మాస్టారు దగ్గర గంటసేపు నేర్చుకునేది. ఆయన మెత్తటి మనిషి. తప్పు వాయిస్తే "ఊఁ, ఇంకోసారి" అనేవాడే గాని, విసుక్కోవడం ఎరగడు. రెండేళ్ళు గడిచాక ఆవిడకు కొత్త బాణీ ఒకటి ఇచ్చాడు. పాత పుస్తకంలోంచి తన చేత్తో ఎత్తి రాసిన రెండు పేజీలు. ఏ తీగ మీద ఏ వేలు పడాలో ఎర్ర సిరాతో అంకెలు కూడా వేశాడు.

మొదటి పేజీ పది రోజుల్లో నీళ్ళు తాగినట్టు వచ్చేసింది. చిక్కంతా రెండో పేజీలో, నాలుగో వరస దగ్గర. అక్కడ చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా అదిమిపెట్టి, చిటికెనవేలిని గిటార్ మెడ మీద నాలుగు మెట్ల అవతలికి సాచాలి. సాచితే తీగ గుయ్యిమనేది, లేదా మూగబోయేది. అక్కడ కూర్చుని కుస్తీ పట్టాల్సింది పోయి, ఆవిడ ప్రతిసారీ మళ్ళీ మొదటికి వెళ్ళేది. మొదటి పేజీ చెవికి హాయిగా ఉండేది మరి.

వంటింట్లో కూర తరుగుతున్న అత్తగారు ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "అమ్మాయ్, ఆ మొదటి ముక్క నాకే నోటికొచ్చేసింది. తర్వాతేమైందో చెప్పవేం?"

"వస్తోంది అత్తయ్యా, కొంచెం ఓపిక పట్టండి."

మాస్టారు అడిగితే మాత్రం ల్యాబులో పని ఎక్కువైందనీ, గోరు విరిగిందనీ ఏదో ఒకటి చెప్పేది. శిష్యులందరూ గ్రంథాలయం హాల్లో వాయించే ఆదివారం దగ్గరపడింది. "ఈసారికి పాతదేదైనా వాయించండమ్మా, తొందరేముంది?" అన్నాడాయన.

"ఇంట్లో శుభ్రంగా వస్తోంది మాస్టారూ. ఇక్కడ మీ ముందే కంగారు" అంది. ల్యాబులో నలుగురినీ పిలిచేసి ఉంది. ఇంక వెనక్కి తగ్గడానికి మనసొప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. పళ్ళక్క కాలి కింద పీట సర్దుకుని మొదటి పేజీ వాయిస్తుంటే, వెనక వరసలో కూర్చున్న భర్త కూడా మెడ సాచి చూశాడు. రెండో పేజీ తిప్పింది. నాలుగో వరస దగ్గర చిటికెనవేలు జారింది. ఆగి, మళ్ళీ అందుకుంది. మళ్ళీ అక్కడే. మూడోసారి చెయ్యి పూర్తిగా ఆగిపోయింది. హాల్లో ఎవరో దగ్గారు. ల్యాబువాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. ఆవిడ చెవులు కాలిపోతున్నాయి.

అప్పుడు ఆవిడ నోటివెంట ఆ మాట వచ్చింది. "ఇక్కడ రాతలోనే తప్పుందండీ. మాస్టారు వేళ్ళు తప్పుగా వేశారు. ఇలా అయితే ఎవరికీ రాదు."

అందరి తలలూ ముందు వరసలో కూర్చున్న మాస్టారు వైపు తిరిగాయి. ఆయన మెల్లగా లేచి నిలబడ్డాడు. "అయ్యుంటుంది. ఈమధ్య కళ్ళు సరిగా ఆనడం లేదు. పొరపాటు నాదే, ఏమనుకోకండి" అని కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య కిందికి దిగుతుంటే ఆవిడకు ఎవరో నడివీధిలో నిలబెట్టినట్టనిపించింది. ఆయన వైపు చూడకుండానే బయటికి వచ్చేసింది.

మర్నాడు ల్యాబులో అందరూ ఆవిడనే ఓదార్చారు. "పాపం అక్కా, ఆ ముసలాయన నీ పరువు తీసేశాడు."

"పోనీలే" అంది పళ్ళక్క. తన గొంతు తనకే రోతగా వినిపించింది. ఆ బుధవారం క్లాసుకి వెళ్ళలేదు, ఆ తర్వాతి బుధవారమూ వెళ్ళలేదు.

మూడో వారం రొట్టెల దుకాణంలో నిలబడి ఉంటే, దుకాణం ఆవిడ ఎవరితోనో అంటోంది. "మా పిల్లలిద్దర్నీ ఆ గిటార్ మాస్టారు దగ్గర మాన్పించేశాం. కళ్ళు కనబడవట, రాత కూడా తప్పేనట. ఆయన స్టూడెంటే అందరి ముందూ చెప్పిందిగా!"

పళ్ళక్క రొట్టె తీసుకోకుండానే ఇంటికి పరుగెత్తింది. గిటార్ తీసి, ఆ ఒక్క వరసే ముందేసుకుని, ఎర్ర అంకెలు ఉన్నవి ఉన్నట్టు, ఒక్కో వేలూ ఆనించి చూసింది. మోచెయ్యి కాస్త లోపలికి తేగానే చిటికెనవేలు చోటుకి చేరింది. తీగ ఖంగున మోగింది. రాతలో తప్పేమీ లేదు. ఆ సంగతి ఆవిడకు మొదట్నించీ తెలుసు. అయినా చెవితో విన్నాక మంచం అంచున అలాగే కూలబడిపోయింది.

మర్నాడు ల్యాబులో భోజనాల వేళ చెప్పేసింది. "ఆయన తప్పేం లేదు. నేను సాధన చెయ్యలేదు. అబద్ధమాడాను." ఒకమ్మాయి డబ్బా మూత పెట్టుకుంటూ, "మరి ఆయన్నెందుకన్నావక్కా?" అంది.

సాయంత్రం రొట్టెల దుకాణంలోనూ అదే మాట చెప్పింది. దుకాణం ఆవిడ ఎగాదిగా చూసింది. "ఇంత వయసొచ్చి, పెద్దాయన్ని అలా అంటారా?"

"అన్నాను" అంది పళ్ళక్క. వెనక నిలబడ్డ వాళ్ళందరూ విన్నారు. దుకాణం ఆవిడ పిల్లల్లో చిన్నమ్మాయి తిరిగి మాస్టారు దగ్గర చేరింది. పెద్దదాన్ని అప్పటికే వేరేచోట చేర్పించేశారు.

ఆఖరికి మేడమెట్లు ఎక్కింది. తలుపు తీసిన మాస్టారుతో గుమ్మంలోనే, "నాకు తెలిసే అన్నాను మాస్టారూ. పొరపాటున నోరు జారింది కాదు" అంది.

"ఆ రాత్రి నేను అసలు పుస్తకం తీసి, రెండుసార్లు సరిచూసుకున్నానమ్మా" అన్నాడాయన. "నిజంగానే తప్పు రాశానేమోనని."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"బుధవారం గంట వేరేవాళ్ళకి ఇచ్చేశాను. శనివారం పొద్దున్నే ఏడింటికైతే ఖాళీ ఉంది" అన్నాడాయన. శనివారాలు పొద్దెక్కేదాకా లేవని మనిషి, ఏడింటికి వస్తానంది.

రెండో పేజీ మొత్తం దారికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక శనివారం మొదలునుంచి చివరదాకా ఆగకుండా వాయించింది. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నాడు. "బావుంది. చివర్లో కొంచెం పరుగెత్తారు" అన్నాడు. ఆవిడ తలూపింది, కానీ తలెత్తి ఆయన మొహంలోకి చూడలేకపోయింది. ఎనిమిదింటికి వచ్చే వాళ్ళ అడుగులు మెట్లమీద వినిపిస్తుంటే, గిటార్ పెట్టెలో పెట్టుకుని, "వస్తాను మాస్టారూ" అని కిందికి దిగింది.