సామికి సూది

పలమనేరు దారిలో బస్సు ఆగిపోయింది. "సామికి సూదేసినారప్పా. ఇంకా లేయల్యా," అంది పక్కసీటు పెద్దమ్మ ఫోను పెట్టేస్తూ. తిరుపతి నుంచి వస్తున్నానేమో, పవళింపు సేవలో సూది కూడా ఉంటుందా అని అమాయకంగా అడిగాను.

"మా పక్క సామంటే ఏనుగప్పా! కాలికి కంచె తీగ సుట్టుకునింది. ఫారెస్టోళ్ళు తుపాకీతో మత్తుసూది కొట్టి, తీగ తీసినారు. లేసేదాకా బస్సులు ఆపినారు."

పూర్వం విల్లెక్కుపెట్టి, విషం పూసిన అమ్ములతో జంతువులను చంపేవారని చదివాను. ఇలా మత్తు అమ్మును నమ్ముకుని బతికే ప్రాణం కూడా ఉంటుందని తెలియదు.

"మీ పంటా తొక్కిందా?" అన్నాను.

"టమాటా తోటంతా తొక్కేసినాడు, పాడు సామి! అయినా లెయ్యాల గదప్పా," అంటూ కొంగు గట్టిగా పట్టుకుంది.

అడవివైపు ఘీంకారం వినబడింది. "లేసినాడు!" అని ఆమె కళ్ళు తుడుచుకుంది. బస్సంతా సామికి దండం పెట్టింది. నేను ఆమెకు పెట్టాను.