రంగులు తేలని నీళ్లు

మా ఆయన్ని వీధిలో అందరూ కర్రాయన అనేవారు. పెట్రోలు బంకులో ఇరవై ఆరేళ్లు ఆయన పని అదే. పొద్దున్నే నేలలో పాతిన ట్యాంకు మూత తీసి, గీతలున్న పొడవాటి కర్ర దించి, ఎంతవరకు తడిసిందో చూసి చెప్పడం. కర్ర కొసకు ఒక ముద్ద రాసేవాడు. ట్యాంకులోకి నీళ్లు చేరితే ఆ ముద్ద రంగు మారుతుంది. పెట్రోలులోకి నీళ్లొస్తే ఎలా పట్టుకోవాలో ఆయనకు బాగా తెలుసు. నీళ్లలోకి పెట్రోలు పోతే సంగతేమిటో ఎవరూ చెప్పలేదు.

బంకు గోడకు ఇవతలే మా ఇల్లు. పెరట్లో బావి. పక్కింట్లో బట్టలు కుట్టే అమ్మాయి, తన నాలుగు నెలల పాపకు పాలపొడి కలపడానికి ఆ నీళ్లే పట్టుకెళ్లేది.

ఒకరోజు టీ నోట్లో పోసుకుంటే మందు వాసన. తలుపులకు రంగులేసేటప్పుడు వస్తుందే, అలాంటిది.

"ఏమండీ, నీళ్లు తేడాగా ఉన్నాయి."

"నీ ముక్కు తేడాగా ఉందేమో చూసుకో."

అలా అన్నాడే గానీ, స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి ఎండలో పెట్టాడు. బంకులో వాళ్ల పరీక్ష అది. పెట్రోలు చుక్క ఉన్నా పైన రంగులు తేలతాయి. ఏమీ తేలలేదు.

గోడ మీదుగా పక్కింటి అమ్మాయి అడిగింది. "బాబాయ్, పాపకి పట్టొచ్చా?"

"నిక్షేపంలా పట్టు. రంగు తేలితే మీసం తీసేస్తా."

"మొన్ననే తీసేశావుగా, ఇంకెక్కడి మీసం!"

ముగ్గురం నవ్వాం.

వారానికి పాప పాలసీసా తోసేయడం మొదలుపెట్టింది. నేను బావి నీళ్లు సీసాలో పట్టి ఆయన చేతిలో పెట్టాను. "పరీక్ష చేయించేదాకా పొయ్యి వెలిగించను" అన్నాను. పెళ్లయ్యాక ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

నీటి పరీక్షల ఆఫీసులో కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ నాలుగు రోజులకు పిలిచింది.

"పెట్రోలు బాగా మండాలని ఒక మందు కలుపుతారండీ. మీ బావిలో ఉన్నది అదే. పెట్రోలేమో మట్టికి అంటుకుంటూ నెమ్మదిగా వస్తుంది. ఈ మందు నీళ్లలో కరిగిపోయి వాటితోపాటే పోతుంది. రంగులు తేలవు."

"అంటే, ఇంతేనా?" అన్నాడు ఆయన.

"ఇది ముందొచ్చింది. మిగతాది వెనకాల వస్తూ ఉండొచ్చు."

ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు. "రెండు నెలలుగా కర్ర లెక్క కంటే వేలెడు తక్కువ తడుస్తోందే. ఎండకు ఆవిరవుతోందని యజమాని అంటే ఊఁ కొట్టాను."

లేచి పక్కింటికెళ్లాడు. "అమ్మాయ్, నేను చెప్పింది తప్పు. ఆ నీళ్లు పారబొయ్యి."

ఆమె ఆయన్ని దాటుకుని, గోడకు ఇవతల నిలబడ్డ నా దగ్గరికొచ్చింది. నన్ను చూసి అంది. "పిన్నీ, నీ ముక్కుకి తెలిసింది కదా. నాకెందుకు చెప్పలేదు?"

ఆ వారమే ఇల్లు ఖాళీ చేసింది. పాప ఎలా ఉందో నాకు తెలియదు.

చిల్లుపడ్డ ట్యాంకు తవ్వి తీసుకెళ్లారు. నేలలోకి పోయింది నేలలోనే ఉంది. అప్పటినుంచి ఆయన పల్లం వైపు ఇళ్లకు వెళ్లి, సీసాల్లో నీళ్లు తెచ్చి నాకిచ్చేవాడు. "నువ్వు చూడవే, నా ముక్కు ఎప్పుడో చచ్చింది." మొదట మూడో ఇల్లు. వానలయ్యాక ఏడోది. వాసన తగిలిన ఇంటికి ఆయనే వెళ్లి తాగొద్దని చెప్పేవాడు. నేను ఇంట్లోనే ఉండేదాన్ని.

చలికాలంలో ఆయన పోయాడు. గుండె ఆగిందన్నారు. అంతకుమించి నేను అడగలేదు.

ఈ రోజు సీసా నేనే పట్టుకెళ్లాను. వీధి చివర బడి ఉంది, బోరు నీళ్లే. కుళాయి తిప్పి దోసిలి పట్టాను. అదే వాసన.

"అద్దంలా ఉన్నాయి కదమ్మా, ఏముంది వాటిలో?" అన్నాడు మేష్టారు.

"కళ్లతో కాదు బాబూ, వాసన చూడండి. పిల్లల్ని తాగనివ్వకండి." నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మేష్టారు ఇంకా దోసిలి పడుతుండగానే గంట కొట్టారు. పిల్లలు పరిగెత్తుకొస్తున్నారు. నేను కుళాయికి అడ్డంగా నిలబడ్డాను.