జోత్ మీద మాఘీ చేసిన పని

మాఘీకి యాభై ఏడేళ్లు. అందులో నలభై ఏళ్లు గొర్రెల వెనకే నడిచింది. పెళ్లయి హిమాలయాల్లోని కుగ్తీ ఊరికి వచ్చిన మూడో నెలలోనే మొగుడు ముసద్దీతో కలిసి మంద వెంట బయల్దేరింది. అప్పట్నుంచీ ఎండాకాలం లాహౌల్ పచ్చికలు, చలికాలం కాంగ్డా అడవులు, మధ్యలో కనుమలు. ఇల్లంటే ఆమెకు ఏడాదికి నలభై రోజుల మాట. నోరు పెద్దది. కుక్కల్ని తిట్టే తిట్లతోనే మనుషుల్నీ తిట్టేది, కుక్కలూ మనుషులూ కూడా మాట వినేవాళ్లు. ఒక్క జోత్ దగ్గర మాత్రం ఆ నోరు పడిపోయేది.

జోత్ అంటే కుగ్తీకీ లాహౌల్‌కీ మధ్య ఉన్న కనుమ. దాటే ముందు దాని కింది బండ దగ్గర భగవతికి ఒక పొట్టేలుని బలి ఇవ్వాలి. వీపు మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలించుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టు. లేదంటే ఎంతసేపైనా నిలబడాల్సిందే. పదకొండేళ్ల కిందట ఒక పొట్టేలు మధ్యాహ్నం దాకా కొయ్యలా నిలబడింది. పైన మబ్బు ముసురుతోంది. "ఇంకెంతసేపయ్యా, అమ్మకి ఇవాళ వేరే పనున్నట్టుంది, నడవండి" అంది మాఘీ. నవ్వుతూనే అంది. నడిచారు, దాటారు, ఒక్క గొర్రె కూడా పోలేదు. తొమ్మిదో రోజున ముసద్దీ జ్వరంతో పోయాడు. అత్తగారు బతికినన్నాళ్లూ "నీ నోరే నా కొడుకుని తినేసింది" అంటూనే ఉంది. ఊరు పైకి అనలేదు, అంతే తేడా. అది పిచ్చి మాట అని మాఘీకి తెలుసు. తెలిసినా అది లోపల గుచ్చుకుని ఉండిపోయింది. అప్పట్నుంచీ జోత్ దగ్గర మాట్లాడే పని మరిది బెలీరామ్‌కి వదిలేసింది.

బెలీరామ్ మంచివాడు. మరీ మంచివాడు, అదే చిక్కు. ఆకాశం ఏం చెబుతోందో కళ్ల ముందే కనబడుతున్నా, అమ్మనడగందే అడుగు వేయడు.

ఆశ్వయుజం సగంలో, లాహౌల్ నుంచి ఇంటికి తిరిగొచ్చే దారిలో, ఆ పొద్దున బండ దగ్గర గాలి లేదు. వారం రోజులుగా చెవులు కోసిన గాలి ఒక్కసారి ఆగిపోయి, ఊపిరాడనట్టు వెచ్చగా ఉంది. శిఖరాల దగ్గర తిరిగే నల్లకాకులు గుంపుగా కిందికి దిగొచ్చి గుడారం చుట్టూ కూర్చున్నాయి. గొర్రెలు మేతకి చెదరకుండా ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. పడమట ఆకాశం అంచు కమిలిన చర్మంలా ఉంది.

"బెలీ, ఈ వెచ్చదనం నాకు నచ్చట్లేదు" అంది మాఘీ. "ఇక్కడే ఆగుదాం. రెండ్రోజులు."

"ఆగి వీటికేం పెడతావు వదినా, నీ తిట్లా? గడ్డి మొన్ననే అయిపోయింది."

"రెండ్రోజుల ఆకలికి గొర్రె చావదయ్యా."

"నువ్వూ నేనూ అనుకునేదేముంది? అమ్మనే అడుగుదాం."

అడుగు నాయనా, ఆవిడైతే పైనే ఉంటుంది, వాన సంగతి ముందే తెలుస్తుంది అనబోయి మాఘీ నాలుక కరుచుకుంది.

బెలీరామ్ పొట్టేలుని బండ ముందుకి తెచ్చి దోసిలితో నీళ్లు చల్లాడు. సరిగ్గా అప్పుడే పడమటి లోయలోంచి చల్లటి గాలి ఒక్క విసురు వచ్చి కొట్టింది. మంచులోంచి తీసిన కత్తిని మెడ మీద పెట్టినట్టయింది. పొట్టేలు ఒళ్లంతా విదిలించుకుంది. మాఘీ కూడా.

"జై భగవతీ!" బెలీరామ్ మొహం వెలిగిపోయింది. "చూశావా, ఒక్క దోసిలికే!"

"అది చలికి వణికింది బెలీ. నేనూ వణికాను. అమ్మ నన్ను కూడా అడిగిందా ఏంటి?"

"అలా అనకు వదినా!" రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "ఒకసారి అన్నావు, చాలదా?"

అన్నాక వాడే బిక్కచచ్చిపోయాడు. కానీ మాట బయటపడింది. మాఘీ మంద వైపు తిరిగింది. నాలుగు వందల గొర్రెలు, మేకలు, రెండు కుక్కలు, ఈ పిచ్చి మరిది. తన మాటే నెగ్గించుకుని ఆగితే వీళ్లంతా బతుకుతారని ఆమెకు తెలుసు. తెలిసీ, "పద" అంది. ఆ ఒక్క మాటకి ఆమె తనను తాను ఎప్పుడూ క్షమించుకోలేదు.

బెలీరామ్ పొట్టేలుని అమ్మకి కోసిచ్చాక మంద కదిలింది. ముందు లంబర్‌దారు నడిచాడు. అది మేకపోతు. పుట్టగానే తల్లి చస్తే మాఘీ తన దుప్పట్లో పడుకోబెట్టుకుని పెంచింది. ఊరి పెద్దమనిషిలా గడ్డం ఊపుకుంటూ అందరికంటే ముందు నడుస్తుందని ఆ పేరు తనే పెట్టింది. దాని మెడలో ఇత్తడి గంట. ఆ గంట ఎటు వెళ్తే నాలుగు వందలూ అటే.

జోత్ ఇంకో రెండు వందల అడుగులుందనగా తుఫాను విరుచుకుపడింది.

ముందు చప్పుడు వచ్చింది. కొండ అవతల ఎవరో బండరాళ్లని దొర్లిస్తున్నట్టు. తర్వాత గాలి. నిలబడ్డ మనిషిని మోకాళ్ల మీద పడేసే గాలి. అక్రోటు కాయలంత వడగళ్లు అడ్డంగా వచ్చి కొట్టాయి. గొర్రెల ముక్కులు చిట్లి రక్తం కారింది. ఒక గొర్రెపిల్ల గాల్లోకి లేచి, పిల్లిమొగ్గ వేసి, తెల్లటి పొగలోకి పోయింది. మెరుపు పక్కనున్న రాతి మీద పడి, గంధకం వాసన గుప్పుమంది. కుక్క ఒకటి అక్కడే పడిపోయి కాళ్లు కొట్టుకుంది, మళ్లీ లేవలేదు. వడగళ్ల వెనకే మంచు. తన చెయ్యి తనకు కనబడనంత మంచు.

వెనక బెలీరామ్ ఏదో అరిచాడు. గాలి ఆ మాటల్ని చింపేసింది.

గొర్రెకి ఒకటే తెలుసు. గాలికి తోక చూపించి, గాలి తోసిన వైపే నడవడం. గాలి పడమటిది. తూర్పున లోయ. గంట వినిపిస్తోంది, కానీ మోగాల్సిన చోట కాదు. ఎడమన, లోయ వైపు నుంచి వినిపిస్తోంది. లంబర్‌దారు కూడా తిరిగాడు.

పాకింది, లేచింది, పడింది, మళ్లీ పాకింది. అంచు దగ్గరికి వెళ్లేసరికి, లంబర్‌దారుని దాటిపోయిన గొర్రెలు ఒకదాని వెనక ఒకటి, వాకిలి దాటుతున్నట్టు నింపాదిగా, లోయలోకి అడుగు వేస్తున్నాయి. అరుపు కూడా వినబడలేదు. లంబర్‌దారు అంచుకి పది అడుగుల్లో ఉన్నాడు. వాడి వెనక, మంచులో కనబడినంత మేరా, మిగతా మందంతా.

కొమ్ములు పట్టుకుని లాగింది. "ఆగరా ముండాకొడకా! ఆగు నా తండ్రీ!" కళ్లలో మంచు పేరుకుపోయిన మేకపోతు ఆమెను కూడా ఈడ్చుకుంటూ నడిచింది. ఎనిమిది అడుగులు. ఆరు. మాఘీ మడమలు మంచులో జారుతున్నాయి. తను వదిలేస్తే తను బతుకుతుంది. మంద ఉండదు.

నడుముకున్న కొడవలి తీసింది. వాళ్లలో ఆడవాళ్లు జంతువుని కోయరు, ఎప్పుడూ కోయలేదు. ఎలా కోయాలో కూడా ఆమెకు సరిగ్గా తెలియదు. మొదటి దెబ్బ తప్పు చోట పడింది. లంబర్‌దారు తల తిప్పి ఆమె వంక చూశాడు. రెండో దెబ్బా, మూడో దెబ్బా కళ్లు మూసుకుని వేసింది. వేడి రక్తం మోచేతుల దాకా చిమ్మింది.

వాడు కూలిపోగానే వెనకవి ఆగిపోయాయి. తలలు దించి, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి దూర్చుకుని గుంపు కట్టాయి. మాఘీ గంట తెంపింది. లేచి, గాలికి చెంప చూపించి, గంట మోగిస్తూ కనుమ వైపు నడిచింది. "హొర్... హొర్..." అని గొంతు పగిలేలా పిలిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏమీ లేకపోవచ్చని భయం. కాసేపటికి ఒక తడి ముక్కు ఆమె పిక్కని తాకింది.

అవతల వైపు రాతి దొడ్డికి దిగేసరికి గాలి సగానికి తగ్గింది. చివరగా బెలీరామ్ వచ్చాడు, తొడుక్కున్న ఉన్ని చోగాలో రెండు గొర్రెపిల్లలు, కనుబొమల మీద మంచు. మందని చూశాడు. ముప్పాతిక వంతు ఉంది.

"గంట వింటూనే వచ్చాను వదినా. అది లేకపోతే ఎటు పోయేవాణ్ణో. లంబర్‌దారు ఏడీ?"

మాఘీ పిడికిలి విప్పింది. వాడు గంటని చూశాడు, ఆమె మోచేతుల్ని చూశాడు. అలాగే కూలబడ్డాడు.

"పొట్టేలు చలికే వణికింది" అన్నాడు. "నువ్వు చెప్పావు."

మాఘీ గంటకంటిన రక్తాన్ని మంచుతో తుడిచింది.

"ఊళ్లో నేను చెప్తాలే. పైన అమ్మ రెండోది అడిగిందనీ, నేనే కోసి ఇచ్చాననీ చెప్తాను. నీ మీదకి ఈసారి ఒక్క మాట రానివ్వను." ముక్కు చీదుకుని ఆమె మొహంలోకి చూశాడు. "ఏడవకు మరి. అమ్మకిచ్చినదానికి ఏడవకూడదు."

"అమ్మ అడగలేదు బెలీ. నేనే చంపాను."

"అలాగని చెప్పుకుంటామా వదినా..."

"మీ అన్న పోయినప్పుడు నన్ను ఏడవనివ్వలేదు మీరు. చంపినదానివి, నీకు ఏడుపెందుకే అంది మీ అమ్మ. నేను చంపలేదు ఆయన్ని." "వీణ్ణి చంపింది మాత్రం నేనే. భగవతికి ఇవ్వను వీణ్ణి. నాకు ఏడవాలనుంది."

నెత్తి మీది గుడ్డ లాగి నోట్లో కుక్కుకోబోయింది. మళ్లీ తీసేసింది. పదకొండేళ్ల తర్వాత నోరు తెరిచి, కొండ కింద గొర్రెల మధ్య కూర్చుని, మాఘీ గట్టిగా ఏడ్చింది. బెలీరామ్ ఆపమనలేదు. తన చోగా విప్పి ఆమె భుజాల మీద కప్పి, పక్కనే కూర్చున్నాడు.