ఆమె లేచేదాకా ఒక మోకాలి మీద

మా అమ్మాయి లేచి నిలబడిందండీ! ఐదు నెలల తర్వాత తన కాళ్ల మీద తాను, గోడ పట్టుకుని, నాలుగు అడుగులు వేసింది. ఈ మాట పరుగెత్తుకుంటూ పోయి మొదట చెప్పాల్సిన మనిషి మా డ్రిల్లు మేడం. ఆమె పోయి పదహారు రోజులైంది. ఇంత సంతోషం పెట్టుకుని ఎవరి తలుపు తట్టాలో తెలియక ఇది రాస్తున్నాను. ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ని, తప్పులుంటే సర్దుకోండి.

మేడం తిరుపతిలో ఒక బడిలో ఆటలు నేర్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాత ఆడవాళ్ల కోసం ఒక ఆట మొదలుపెట్టింది. రోలర్ డెర్బీ అంటారట, మేమంతా చక్రాలాట అనేవాళ్లం. కాళ్లకు చక్రాల బూట్లు కట్టుకుని గుండ్రంగా తిరగాలి. తలకు ఎర్రగుడ్డ కట్టుకున్న అమ్మాయి అవతలి జట్టును దాటుకుని పోవాలి, వాళ్లు భుజాలతో, నడుములతో అడ్డుకోవాలి. ఎంతమందిని దాటితే అన్ని పాయింట్లు. అక్కడ జీతం తీసుకునేవాళ్లు లేరు, ఎవరికి చేతనైన పని వాళ్లు చేయాలి. నాది సైకిల్ షాపు కాబట్టి చక్రాల బేరింగులు కిరసనాయిల్లో కడగడం నా వంతు.

ఆడడానికి నున్నటి గచ్చు కావాలి కదా. ఒక కల్యాణ మండపం వాళ్లు తమ భోజనాల హాలు ఇచ్చారు, అదీ ముహూర్తాలు లేని రోజుల్లోనే. ఊరంతా మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే, మేము ఎప్పుడొస్తుందా అని పంచాంగం తిరగేసేవాళ్లం. ఆషాఢం రాగానే మేడం ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలిగేది. ఆటకు ముందు అందరూ వంగి గచ్చు మీద మెతుకులు ఏరాలి. ఎండిన మెతుకు ఒక్కటి చక్రం కిందికి వచ్చినా మనిషి పల్టీ కొట్టాల్సిందే. మేడం కూడా కుచ్చిళ్లు దోపుకుని ఏరుతూ, "తినిపోయింది పెండ్లోళ్లు, పడేది మనమూ" అని నవ్వేది.

పూలు కట్టే ఆమె వచ్చేది, ఆసుపత్రి నర్సు వచ్చేది, టైలర్ సాయిబు కూతురు తలకు గుడ్డ బిగించి కట్టుకుని వచ్చేది. మా అమ్మాయీ చేరింది. ఒకరోజు, మగపిల్లాడిగా పెరిగి చీర కట్టుకున్న ఒకామె వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆడే పిల్ల తల్లి ఒకరు, "ఏం మేడమా, ఈళ్లను గూడా చేర్చుకుంటారా?" అని దీర్ఘం తీసింది. మేడం బూటు తాళ్లు కడుతూ తలెత్తలేదు. "ఆడోళ్ల ఆట అన్నాను. ఆయమ్మ ఆడమనిషిని అంటా ఉండాది. చక్రాలకు లేని అనుమానం నీకెందుకమ్మా? రా, ఆ మూల మెతుకులు ఏరు" అంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఏరారు.

ఆ ఆటలో ఒక రూలుంది. ఎవరైనా దెబ్బ తగిలి పడితే మిగతా అందరూ ఉన్నచోటే ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చోవాలి. ఎవరూ చెయ్యిచ్చి లాగకూడదు. ఆమె లేచాక చప్పట్లు కొట్టాలి. నాకది తెలియదు. మా అమ్మాయి మొదటిసారి పడినప్పుడు, తల్లిలేని బిడ్డ కదా, ప్రాణం ఆగక గచ్చు మీదికి పరిగెత్తాను. నా చెప్పు కింద మెతుకు పడి వెల్లకిలా పడ్డాను. కళ్లు తెరిస్తే చుట్టూ ఇరవైమంది ఆడవాళ్లు నా కోసం ఒక మోకాలి మీద కూర్చుని ఉన్నారు! మా అమ్మాయి కూడా!

"లేపండి తల్లీ" అన్నాను.

"రూలు రూలే అన్నా. నిదానంగా లెయ్యి, మాకేం తొందర లేదు" అంది మేడం. నేను లేస్తే హాలు అదిరిపోయేలా చప్పట్లు కొట్టారు. నా పెళ్లిలో కూడా అంత సందడి లేదు.

ఐదు నెలల కింద ఆటో బోల్తాపడి మా అమ్మాయి తొడ ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది, ఇక నడవొచ్చు అన్నారు డాక్టర్లు. పిల్లకు మాత్రం కాలు కింద పెట్టాలంటే భయం. నేను బతిమాలాను, కసిరాను, ఏడ్చాను. మేడం రోజూ మధ్యాహ్నం వచ్చి మంచం పక్కన ఒక మోకాలు ఆనించి కూర్చునేది. ఆమెకే మోకాళ్ల నొప్పులు.

"కుర్చీలో కూసో మేడం" అంటే, "నీ కూతురు లేసినాక కూసుంటాలే. భయాన్ని తిట్టకూడదన్నా, దాని పక్కన ఉండల్ల" అనేది.

ఒక ఉదయం నర్సు షాపు దగ్గరికి వచ్చి మేడం ఇక లేదని చెప్పింది. గుండె ఆగిపోయిందట. వీధిలో పాడె మీద పడుకోబెట్టినప్పుడు జట్టంతా చుట్టూ ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాం. ఆ రోజు చప్పట్లు లేవు.

తర్వాత ముహూర్తాలు మొదలై హాలు మూతపడింది, జట్టు కలవలేదు. మేడం ఇంట్లో ఉన్న బూట్లన్నీ గోనెసంచుల్లో మా ఇంటికి చేరాయి. ఈ ఉదయం తోచక వసారాలో చక్రాలు కడుగుతున్నాను. గుమ్మం పక్కనే ఉన్న మంచం మీది నుంచి మా అమ్మాయి, "నాయనా, ఆ చక్రం గరగరమంటా ఉండాది, సూడు" అంది.

"బాగానే ఉండాది కదమ్మా."

"నీకు ఇనపడదులే. మేడం బూటు అది. ఉండు, నేను సూస్తా."

తలెత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉంది! నా కాళ్లు లేచి పరిగెత్తబోయాయి. రూలు గుర్తొచ్చింది. ఒక మోకాలు నేలకు ఆనించాను. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసి వచ్చి ఆ చక్రం అందుకుంది. కిరసనాయిలు చేతులతోనే చప్పట్లు కొట్టాను. ఒక్కడి చప్పట్లు కదా, వసారా దాటి వినిపించలేదు.

ఇప్పుడు ఎస్టీడీ బూతుకు పోవాలి. చెప్పాల్సినవాళ్లు వీళ్లు:

గూడూరులో మా అక్క.
శ్రీకాళహస్తిలో మా బావమరిది.
చిత్తూరులో మా చిన్నాన్న. చెవుడు, అరిచి చెప్పాలి.
పలమనేరులో మా తమ్ముడి భార్య.
ఏర్పేడులో మేడం అన్న. నాకు చుట్టం కాదు, అయినా రాసుకున్నాను. ఆయనకు ఫోనులో చెప్పను. బస్సెక్కి పోయి మేడం ఫొటో ఉన్న గదిలోనే చెప్తాను. ఇద్దరం కలిసి చప్పట్లు కొడితే కాస్త గట్టిగా వినిపిస్తుంది.