డాబా మీద వంతులు

మా ఆయన ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు. కాలేజీవాళ్లు సభ పెట్టి మరీ రిటైర్ చేశారు గానీ, ఆ సంగతి ఆయన నోటికి ఎవరూ చెప్పినట్టు లేదు. టీ ఇస్తే చాలు, మొదటి కప్పులో ఉన్న తృప్తి రెండో కప్పులో ఎందుకుండదో చెప్పడం మొదలెడతారు. తాగడం మాత్రం రెండూ తాగుతారు. గిరాకీ మీద, ధరల మీద పుస్తకాలు రాసిన ఈ మనిషికి బజారుకెళ్తే బేరమాడటం రాదు. మెత్తబడిన టమాటాలు సంచీ నిండా తెచ్చి, "పాపం, అతను కూడా అమ్ముకోవాలి కదోయ్" అంటారు. నాకు ఒళ్లు మండదూ మరి!

అయినా ఒక మాట చెప్పాలి. క్లాసులో తెలియని ప్రశ్న ఎదురైతే "నాకు తెలియదు, రేపు చూసి చెబుతాను" అనేవారట. మర్నాడు చెప్పేవారట కూడా. అందుకే జుట్టు నెరిసిన శిష్యులు ఇప్పటికీ ఫోన్లు చేస్తుంటారు.

మేముండే మేడ మీద డాబా, డాబా మీద బట్టలారేసుకునే తీగలు నాలుగు. ఇళ్లేమో బోలెడు. వంటలు తెమిలాక ఆడవాళ్లమంతా బకెట్లు పట్టుకుని పైకి చేరేవాళ్లం. "మీ దుప్పటి కాస్త జరపండి" అని మొదలైన కీచులాట, ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయో, ఎవరి కోడలు ఏమందో దాకా వెళ్లేది. కింది వాటాలో ఉండే నర్సు వదిన అయితే రాత్రి డ్యూటీ చేసొచ్చి కూడా నిద్ర మానుకుని మాతో కూర్చునేది.

ఒకరోజు ఆయన పుస్తకం పట్టుకుని పైకొచ్చి మా గోల విన్నారు. అంతే! "ఇది కొరత సమస్య. దీనికి పరిష్కారం ఉంది" అని దిగిపోయారు. వారం తిరక్కుండా మెట్ల దగ్గర అట్ట మీద ఒక పట్టిక వేలాడింది. ఇంటికో గంట వంతు. కుదరనివాళ్లు మరొకరితో మార్చుకోవచ్చు. అందరూ "బుర్రంటే మాస్టారిదే" అన్నారు. నేనూ మురిసిపోయాను, దాచుకోవడమెందుకు!

తర్వాత తెలిసొచ్చింది. నా గంటలో నాలుగు తీగలూ నావే. పలకరిద్దామంటే కాకి కూడా లేదు. నర్సు వదిన మెట్ల మీద ఎదురైనా, "అమ్మో, నా గంట అయిపోతోంది" అంటూ ఒకటే పరుగు.

కొన్నాళ్లు లోలోపలే దిగమింగుకున్నాను. ఇక ఒకరోజు ఖాళీ బకెట్ వంటింట్లో గిరాటేశాను.

"ఏమైందోయ్? పోట్లాటలు ఆగాయిగా?" అన్నారాయన.

"ఆగాయి. మాటలూ ఆగాయి! రోజు మొత్తం మీద నేను నలుగురితో నవ్వేది ఆ ఒక్క పూటే. దాన్ని కూడా సర్దేశారు మీరు!"

"నేనున్నానుగా."

"ఉన్నారు లెండి, పాఠాలు చెప్పడానికి!" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లారు. కాసేపటికి కింద ఎవరిదో తలుపు తట్టిన చప్పుడు, ఆ తర్వాత పక్కింటి బెల్లు. నాకు అర్థమైపోయింది. సర్వే! ఏ విషయమైనా పదిమందినీ అడిగితే గానీ నమ్మని మనిషి కదా. అందరికీ బాగానే ఉందిట, నీ ఒక్కదానికే బాలేదని లెక్క తెచ్చి నా నోరు మూయిస్తారన్నమాట. తిరిగొచ్చి ఆయనేమీ చెప్పలేదు. నేనూ మొండికేసి అడగలేదు.

మర్నాడు నా వంతుకి పైకెళ్లి చీర దులుపుతుంటే నర్సు వదిన వచ్చింది. చేతిలో బకెట్ లేదు. వెనకే పక్కింటావిడ, ఆవిడ వెనకాల ఆయాసపడుతూ ఆవిడ అత్తగారు.

"ఇది నా గంట కదా వదినా?" అన్నాను తెల్లబోయి.

"వంతులు బట్టలకి గానీ మనుషులకి కాదుగా" అంటూ పిట్టగోడ మీద కూర్చుంది. "నిన్న అన్నయ్యగారు వచ్చారు. లోపలికి రమ్మంటే రారు, సంగతేమిటంటే చెప్పరు. గుమ్మంలోనే నిలబడిపోయారు."

"పట్టిక బాగుందా అని అడిగారా?"

"పట్టిక ఊసే లేదు. 'తప్పు చేశానమ్మా. అందరి గంటలూ చూసుకున్నాను గానీ, మా ఆవిడ ఒంటరిదైపోతుందని నాకు తోచలేదు. వంతు లేకపోయినా కాసేపు పైకి వస్తారా?' అన్నారు. మా ఇంట్లోనే కాదు, అన్నిళ్లలోనూ అదే మాటట."

ఉద్యోగం ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు, కాలేజీ పెద్దాయన ఇంటికెళ్లి ఒక్క మాట అడగండని అందరూ బతిమాలినా కదలని మనిషి, నా కబుర్ల కోసం ఇంటింటి గుమ్మమూ ఎక్కారు.