అన్సెల్మో నెత్తిన వేసుకున్న తప్పు

ఊళ్లో ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పేసుకోవడం అందరూ మర్యాదగా డాన్ అని పిలిచే అన్సెల్మోకున్న ఏకైక వ్యసనం. తమ చివిల్కోయ్ ఫుట్‌బాల్ జట్టు గోలు తప్పితే, తాను కలిసిరాని స్వెట్టర్ వేసుకుని రావడం వల్లేననేవాడు. వాన పడితే, పొద్దున దుప్పట్లు ఆరేసింది తానేననేవాడు. చర్చిలో ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడానికి వెళ్లి, తన పాపాలు అయిపోయాక పక్కింటివాళ్లవి కూడా తనవేనని మొదలుపెట్టాడట. ఫాదరే దణ్ణం పెట్టి పంపించేశాడు.

అలాంటి మనిషి చేతిలో లాప్‌టాప్ పెట్టాలంటే నెలీదాకు గుండెల్లో రాయి పడేది. ఊరివాళ్లు కలిసి నడుపుకునే లైబ్రరీకి ఇరవై ఆరేళ్లుగా ఆవిడే లైబ్రేరియన్. ఎవరో ఇచ్చిన పాత లాప్‌టాప్‌లో అన్సెల్మో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిస్తే, పదకొండు వేల పుస్తకాల కార్డులు ఒక్కొక్కటీ తానే ఎక్కించింది. ఇప్పుడు నాలుగు రోజులుగా హార్డ్ డిస్క్ దీపం ఆరదు, లోపల గరగర ఆగదు. ఒక్క పుస్తకం వెతికేలోపు పక్కనున్న మాతె టీ చల్లారిపోతోంది. శనివారం లైబ్రరీ సంఘం సమావేశం. ఈ వయసులో ఆవిడకు కంప్యూటర్ పట్టుబడదని, ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టాలని అధ్యక్షుడు బస్తెరికా అప్పుడే అనేశాడు.

శుక్రవారం ఉదయం అన్సెల్మో వచ్చి, మూత తెరవకముందే "తప్పు నాదేనమ్మా" అన్నాడు.

"చూడందే ఎలా తెలిసింది?"

"అలవాటు."

ఆవిడకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం లాప్‌టాప్‌కి చెవి ఆనించి కాసేపు విని, ఒక్కో అనుమానమే తీర్చుకుంటూ పోయాడు. మెమరీ చాలక డిస్క్ మీద పడుతోందేమోనని చూశాడు, కాదు. వెతుకులాట కోసం ఫైళ్లన్నీ తిరగేసే ప్రోగ్రాంని ఆపాడు, గరగర ఆగలేదు. చివరికి ఏ ప్రోగ్రాం డిస్క్ మీద ఎంత రాస్తోందో చూపించే జాబితా తెరిచాడు. అన్నిటికన్నా పైనున్నది, రోజుకోసారి కార్డులకు నకలు తీయమని ఆయనే రాసిచ్చిన చిన్న ఆదేశం. దాన్ని తెరిచి చాలాసేపు చూశాడు గానీ ఆవిడకు చూపించలేదు. ఏదో సరిచేసి, పేరుకున్న నకళ్లు తుడిచేశాడు. గరగర ఆగింది. ఆ నిశ్శబ్దానికి నెలీదాకు ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం బస్తెరికా గొంతు సవరించుకునేలోపే అన్సెల్మో లేచాడు. నకళ్లు కార్డులున్న చోటే పడేలా తానే రాశాననీ, దాంతో ప్రతి కొత్త నకల్లోనూ పాత నకళ్లన్నీ మళ్లీ చేరి రోజురోజుకూ రెట్టింపయ్యాయనీ, కార్డులు మాత్రం ఒక్కటీ పోలేదనీ చెప్పాడు. అందరూ నవ్వారు. ఆయనకిది కొత్తేమీ కాదు. కుర్చీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నెలీదా నవ్వలేదు. కార్డులు చెక్కసొరుగుల్లో ఉండే రోజుల్లో ప్రతి కార్డుకూ నకలు రాసి, అదే సొరుగులో వెనకవైపు పెట్టడం వాళ్ల లైబ్రరీ పద్ధతి. నకళ్లు వేరేచోట పడుతుంటే మనసొప్పక, రెండు వారాల కిందట ఆ ఆదేశంలో చోటు మార్చింది తానే. ఆవిడకు సిగ్గేసింది. ఆ పిచ్చిమనిషిని ఇన్నాళ్లూ కసురుకున్నందుకు అంతకంటే ఎక్కువ బాధేసింది. ఈయన పుణ్యాన ఊళ్లో ఇంకెంతమంది తలెత్తుకు తిరుగుతున్నారో అనుకుంది.

లేచి నిలబడింది. "ఆ చోటు మార్చింది నేను. తప్పు నాది."

"వేరేచోట పెట్టాలన్నాను గానీ, ఎందుకో చెప్పలేదు" అన్నాడు అన్సెల్మో. "చెప్పనివాడిదే కదమ్మా తప్పు."

"మీకు బోలెడున్నాయి, డాన్ అన్సెల్మో. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యండి."

బస్తెరికా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఆ లినక్స్ ఆదేశం తెరిచి మార్చడం మీకు వచ్చా?" అని నెలీదాను అడిగాడు.

"వచ్చు. అందుకేగా ఇంత జరిగింది."

బస్తెరికా గొంతు తగ్గించి, తమ ఇంట్లో లాప్‌టాప్ కూడా నెలరోజులుగా గరగరమంటోందనీ, సోమవారం వీలైతే ఒకసారి వచ్చి చూడమనీ ఆవిణ్ణి అడిగాడు.

అన్సెల్మో నోరు తెరవబోయాడు. నెలీదా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.