కామమ్మక్క ఏం కూర అని అడిగితే

"ఫారాలు తర్వాత ఇద్దువుగానీ, ముందు ఇది చెప్పు అబ్బయా. పొద్దున ఏం కూర?"

ఇందుకూరుపేటలో నా జిరాక్సు కొట్లోకి కామమ్మక్క అడుగు పెట్టిందంటే మొదటి మాట అదే. సముద్రం పక్క పాళెంలో ఆమె ఆశా కార్యకర్త. పెళ్ళిలోనూ అదే అడుగుతుంది, పరామర్శలోనూ అదే అడుగుతుంది. తుఫాను షెల్టర్లో మనుషుల్ని లెక్కబెట్టి రమ్మంటే, కూరలు లెక్కబెట్టుకొచ్చిన మనిషి.

"టమోటా పప్పక్కా. ఉప్పే లేదు, ఛీ."

"బాగున్నావులే," అని తేల్చేసి కుర్చీ లాక్కుంటుంది.

ఈ ఏడు ప్రభుత్వం, వయసు పిల్లల మనసు ఎట్లా ఉందో ఇంటింటికీ పోయి కనుక్కోమంది. దానికి పది ప్రశ్నల ఫారం. తేడాగా ఉన్నవాళ్ళని గురువారం ఆసుపత్రికొచ్చే కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి పంపాలి. కామమ్మక్క నింపిన ఫారాలు కాపీ తీస్తా చూశాను. "రేపటి మీద ఆశ ఉందా?" అన్నదానికి ఎదురుగా "నెత్తళ్ళ వేపుడు". "నిద్ర పడుతోందా?" అంటే "బొమ్మిడాయిల పులుసు. పడతాది."

పై అధికారి ఆనందకుమారి గారు ఆ ఫారాల్ని నా కొట్లోనే పట్టుకున్నారు.

"ఏందమ్మా ఇది? ఆశ ఉందా అంటే నెత్తళ్ళా?"

"ఇంకో రెండు కావాలని తమ్ముడితో కొట్లాడతా ఉండాది మేడమ్ ఆ బిడ్డ. ఆశ ఉన్నట్టే గదా?"

"ప్రశ్న ఉన్నదున్నట్టు అడగాలి!"

"అడగతా. మీరేం తిన్నారు మేడమ్?"

"ఏదో తిన్నాలే."

కామమ్మక్క ముఖం మారిపోయింది. "అబ్బయా, మేడమ్ పేరుకి ఇంకో ఫారం కొట్టు."

మేడమ్ గబగబా టిఫిన్ డబ్బా తెరిచి, ఏం కూరో చూసుకున్నారు.

రెండో విడత మాత్రం కామమ్మక్క బుద్ధిగా పది ప్రశ్నలూ అడిగింది. అందరూ బ్రహ్మాండంగా ఉన్నారు. ఇంటర్ రెండోసారి తప్పిన సుభాషిణి కూడా. పక్కన వాళ్ళమ్మ నిలబడి ఉంటే, పదింటికీ పది బాగున్నానంది. ఆ కాగితం మిషన్లో పెట్టబోతుంటే కామమ్మక్క లాక్కుంది.

"ఇది తప్పు అబ్బయా."

"అన్నీ బాగానే ఉన్నాయి కదక్కా?"

"వాళ్ళ నాయన వంజరం చేప తెచ్చినాడు. పులుసు వాసన వీధి చివరిదాకా కొడతా ఉండాది. వస్తా వస్తా నోరు ఊరుకోక, ఏం కూర అన్నాను. 'ఏమో అక్కా, పప్పనుకుంటా' అనింది. వంజరం పులుసు తిని మర్చిపోయినోళ్ళని మన పక్క ఎప్పుడన్నా చూసినావా?"

చూళ్ళేదు.

గురువారం, ఫారాల కట్ట మోసేదానికి సాయం రమ్మని సుభాషిణిని ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ కట్ట బరువు అరకిలో ఉండదు. కౌన్సెలింగ్ మేడమ్ గంటన్నర సేపు లోపల ఆ పిల్లతో మాట్లాడితే, ఈమె బయట బెంచీ మీద కూర్చొని ఓపీకొచ్చినవాళ్ళందరి కూరలూ కనుక్కుంది. నెల రోజులుగా ముద్ద దిగడం లేదనీ, పుస్తకం చూస్తే గుండె దడదడలాడుతోందనీ తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సుభాషిణే చెప్పిందట. అప్పట్నించీ ప్రతి గురువారం ఆ కట్ట ఆసుపత్రికి పోయి వస్తూనే ఉంది. లోపల ఉండేవి తెల్ల కాగితాలు. నేనే ఇస్తాను.

ఈ రోజు మళ్ళీ వచ్చింది, తొందర్లో ఉంది.

"నాకు నెల్లూరులో మీటింగు. నువ్వు మైపాడు పక్కే గదా పోయేది? దోవలో పాళెంలో ఆగి సుభాషిణిని ఏం కూరో అడుగు."

"'ఏమో' అంటే?"

"నాకు ఫోను కొట్టు. పులుపెక్కువైందని వాళ్ళమ్మని తిడతా ఉంటే మాత్రం, నోరు మూసుకోని కూర్చోని, నువ్వూ ఇంత తినేసి రా."